ఇరవై రెండు కిలోమీటర్లు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. దేవుడి దయవల్ల మనమందరం వెచ్చగా ఉన్నాం. చలికి పోయిన ఒకావిడ సంగతి చెబుతాను.

కరెంటు కార్లు తయారుచేసే కంపెనీలో ఒక ఇంజనీరు ఉండేవాడు. బ్యాటరీలో మిగిలిన ఛార్జింగుతో బండి ఇంకెంత దూరం పోతుందో స్టీరింగు వెనక తెర మీద అంకె పడుతుంది చూడండి, ఆ అంకెని లెక్కగట్టడం అతని పని. తోటివాళ్లు వేళాకోళంగా 'జ్యోతిష్కుడు' అనేవారు.

చలికి బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో తేలాలంటే శీతల గదిలో ఒక రోజంతా ఉంచి కొలవాలి. ఆ వారం గది ఖాళీ లేదు. పైవాళ్లు తొందరపెట్టారు. మనవాడు వేసవి పట్టికనే తీసుకుని, అంకెల్లో పదో వంతు కోసేసి, ఇదే చలికాలం పట్టిక అని సంతకం పెట్టేశాడు.

ఆ చలికాలమే కొండదారిలో ఒక నర్సమ్మ బండి ఆగిపోయింది. తెర మీద ఇరవై రెండు కిలోమీటర్లు చూపిస్తూండగానే ఆగింది. ఆవిడ వెనక సీట్లో ముడుచుకుని పడుకుంది. తెల్లారి చూస్తే ప్రాణం లేదు.

ఆ బండిని కంపెనీ షెడ్డుకే తెచ్చారు. ఎందుకు ఆగిందో సాయంత్రంలోగా రాసివ్వాల్సింది జ్యోతిష్కుడే.

"పెద్ద బ్యాటరీ, చిన్న బ్యాటరీ రెండూ దించేశాను సార్. ఇక ఇది ఉత్త రేకుడబ్బా. మీ జాతకాలు ఇందులో పనిచేయవు," అని నవ్వి, మేస్త్రీ టీకి వెళ్లాడు.

జ్యోతిష్కుడు బండి నడక వివరాలు నమోదయ్యే రికార్డు పెట్టె విప్పుదామని ముందు సీట్లో కూర్చున్నాడు. బయట ఎండ. లోపల మాత్రం చలి. స్పిరిట్ వాసన... దాని వెనకే తడిసిన ఉన్ని వాసన. ఊపిరి పొగలా వచ్చింది. తలుపు దానంతటదే మూసుకుంది. మెల్లగా.

తెర వెలిగింది. 22.

టింగ్... టింగ్... వెనక సీటు బెల్టు పెట్టుకోమని గంట.

అతను వెనక్కి తిరగలేదు.

"బాబూ..." చెవి పక్కనే గుసగుస. "ఇరవై రెండు ఉందిగా. ఇంటికి చేరతాంగా?"

"లేదమ్మా... అది ఉత్తదే. నేను చలిలో కొలవలేదు. క్షమించు తల్లీ."

"ఆ మాట రాస్తావా?"

"రాస్తాను. దేవుడి మీద ఒట్టు."

తెర ఆరిపోయింది. తలుపు తెరుచుకుంది.

ఆ ఒట్టు మీరైనా గుర్తుంచుకోండి. ఎందుకంటే, కాగితం ముందు కూర్చునేసరికి అతనికి ఉద్యోగం గుర్తొచ్చింది. కూతురు చదువు గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని ఒక దణ్ణం పెట్టుకుని 'నడిపినవారి అజాగ్రత్త' అని రాశాడు. సంతకం పెట్టాడు. రాసింది తిరిగి చదువుకోలేక కాగితం మడిచేశాడు.

ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, పాపని బడి నుంచి తీసుకొస్తున్నా. మామూలు రోడ్డు మూసేశారు, కొండదారి పట్టాం. మీరేం కంగారు పడకండి, మీ కంపెనీ బండేగా, ఇంకా ఇరవై రెండు కిలోమీటర్లు వస్తుందట."

"వెనక్కి తిప్పు... ఇప్పుడే."

"ఎందుకండీ? విచిత్రంగా ఉంది కానీ, అరగంట నుంచీ ఇరవై రెండే. తగ్గట్లేదు. పైగా ఈ గంట గోల ఒకటి. వెనక సీటు బెల్టట. పాప నా పక్కనే కూర్చుంది మరి."

టింగ్... టింగ్...

ఆ చప్పుడు మధ్యలోంచి పాప గొంతు వినిపించింది. ఎవరో వెనకనుంచి అందిస్తుంటే అప్పజెబుతున్నట్టు, ఒక్కో మాటే...

"నాన్నా... రాశావా?"