తొమ్మిదో నంబరు మంచం

గురజాల రోడ్డు పక్కన ఒక ఆసుపత్రి ఉంది. దాని వెనకవైపుకి, దీపాలు పెట్టే వేళ దాటితే ఎవరూ నడవరు. ఆటోవాళ్లు కూడా ముందు గేటు దగ్గరే దింపేసి, "ఇక్కణ్ణుంచి మీరే పోండి" అని బండి తిప్పేసుకుంటారు.

ఎందుకంటే, అక్కడ శవాల గది ఉండేది.

ముప్పై ఏళ్లు ఉంది. రైలు కింద పడ్డవాళ్లు, కాలవలో కొట్టుకొచ్చినవాళ్లు, ఊరూ పేరూ తెలియనివాళ్లు... ఎంతమందో ఆ గదిలో తెల్లదుప్పటి కప్పుకుని అయినవాళ్ల కోసం ఎదురుచూశారు. కొందరి కోసం ఎవరూ రానేలేదు. పోయినేడాది ఆ గదిని పడగొట్టి, అదే జాగాలో కొత్త ఎమర్జెన్సీ వార్డు కట్టారు. నేలంతా మొహం చూసుకునే టైల్సు. మీట నొక్కితే తల పైకెత్తే మంచాలు, మొత్తం తొమ్మిది.

గోడలు మార్చినంత మాత్రాన చోటు మారుతుందా? గేటు కాపలా జక్కయ్య వచ్చేపోయేవాళ్లందరికీ గొంతు తగ్గించి చెప్పేవాడు.

"ఎనిమిది మంచాలకి ఏం పర్లేదు. ఆ చివర కర్టెన్ ఎనక తొమ్మిదోది ఉంది చూడు... సరిగ్గా పాత గది మీద పడింది. ఆడ ఏసీ ఎయ్యకపోయినా చలే!"

ఈ మాట అందరూ విన్నారు. నమ్మింది మాత్రం పోలేరమ్మ.

పోలేరమ్మ ఆ ఆసుపత్రిలో ఆయా. ఆమె పెనిమిటి కోటేశ్వర్ మీద నాపరాళ్ల క్వారీలో బండ జారి పడితే, ఇక్కడ చూసే దిక్కు లేక లారీలో వేసుకుని గుంటూరు బయలుదేరారు. సత్తెనపల్లి దాటకముందే, పక్కనున్నవాళ్లు "ఇంకేముందిలే" అని చెయ్యి వదిలేశారు. అందుకే ఎమర్జెన్సీ వార్డు వస్తుందని తెలిసిన రోజునే పోలేరమ్మ వెళ్లి తన పేరు ఇచ్చుకుంది. చేస్తే అందులోనే పని చెయ్యాలి. అంతే.

వార్డు తెరిచేముందు పదిరోజులు అందరికీ శిక్షణ. నేర్పేది డాక్టర్ వర్షిణి. చిన్నపిల్లే కానీ గొంతు మాత్రం తాసిల్దారు గొంతు.

"డాక్టరైనా, ఆయా అయినా, వాచ్‌మన్ అయినా ఒకటే. మనిషి పడిపోయి కనపడితే ముందు రెండు భుజాలూ తట్టండి. 'వినపడుతుందా?' అని గట్టిగా అడగండి. పలికినా, పలక్కపోయినా మంచం నంబరు చెప్పి కేకెయ్యండి. అయిపోయిందని మీకు మీరే తేల్చెయ్యొద్దు."

అందరూ రబ్బరు బొమ్మని తట్టారు. పోలేరమ్మ వంతు వచ్చింది. వంగింది. చెయ్యి చాపింది... బొమ్మ కళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నాయి. అంతే! చెప్పులు కూడా వదిలేసి గేటు దాకా పరుగు.

"ఏమే పోలేరమ్మా, బొమ్మ నిన్నేమన్నా అప్పడిగిందా?" అని జక్కయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

వర్షిణి నవ్వలేదు. "నీ అంత శుభ్రంగా పని చేసేవాళ్లు లేరు పోలేరమ్మా. కానీ మనిషిని ముట్టుకోలేనివాళ్లని ఎమర్జెన్సీలో ఎట్లా పెట్టుకోను? ప్రారంభం రోజు పొద్దున ఇంకోసారి చూస్తా. అప్పుడూ కాకపోతే బట్టలుతికే గదికి పంపించేస్తా."

ఆ ముందురోజు సాయంత్రం ఆఖరి డ్రిల్లు. బస్సు బోల్తా పడ్డట్టు, ఇరవై మందికి దెబ్బలు తగిలినట్టు. నర్సింగు పిల్లలు, రోగుల తాలూకు మనుషులు దెబ్బలు తగిలినవాళ్లుగా నటించాలి. ఎర్రపట్టీ కడితే ముందు చూడాలి, పసుపుపచ్చయితే కాసేపు ఆగొచ్చు, ఆకుపచ్చయితే నడవగలడు. నల్లపట్టీ కడితే... ఇక చూడక్కర్లేదు.

ఎర్రపట్టీ కోసం ఆడపిల్లలు పోట్లాడుకున్నారు. నల్లపట్టీ ఒక్కటే. దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. తెల్లారితే తలుపులు తెరిచే వార్డు. ఆ కొత్త మంచం మీద తొలిసారి పడుకుని చచ్చిపోయినట్టు ఉండాలంటే ఎవరికి మనసొప్పుతుంది?

"మా అమ్మకి తెలిస్తే నన్ను చంపేసిద్ది మేడం!" అంది ఒక పిల్ల.

"ఇంకేం, పట్టీ నువ్వే కట్టుకో" అంది ఇంకో పిల్ల.

అందరూ గొల్లున నవ్వారు. పోలేరమ్మకి మాత్రం ఒళ్లు జలదరించింది. అది చూసి వర్షిణి, "నువ్విక్కడొద్దు, పోయి దుప్పట్లు మడతపెట్టు" అని సామాన్ల గదికి పంపేసింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె చూడలేదు. అరుపులూ స్ట్రెచర్ల చప్పుడూ వినపడ్డాయి. ఆ మీదట చప్పట్లు. ఆ మీదట మిరపకాయ బజ్జీల వాసన.

రాత్రి పదిన్నర.

అందరూ వెళ్లిపోయారు. నర్సు శిరీష వరండా అవతల పాత వార్డులో డ్యూటీలో ఉంది. జక్కయ్య గేటు దగ్గర. కొత్త వార్డులో పోలేరమ్మ ఒక్కతే. పొద్దునకల్లా నేల అద్దంలా ఉండాలి మరి.

ఫినాయిలు నీళ్లతో మొదటి మంచం నుంచి తుడుచుకుంటూ వస్తోంది. మూడు... నాలుగు... అయిదు. తొమ్మిదో మంచం వైపు చూడటం లేదు. ఏడు దగ్గర ఆగింది.

"మిగతాది పొద్దున తుడుద్దాంలే" అని తనకి తనే చెప్పుకుంది.

అప్పుడు... గంట మోగింది.

ట్రింగ్... ట్రింగ్...

రోగి మంచం దగ్గర మీట నొక్కితే మోగే గంట అది. నర్సుల బల్ల పైన గోడకి నంబర్ల బోర్డు ఉంటుంది. పోలేరమ్మ మెల్లిగా తల తిప్పి చూసింది. ఎర్రగా వెలుగుతున్న నంబరు...

తొమ్మిది.

గంట ఆగింది. హమ్మయ్య అనుకునే లోపలే మళ్లీ... ట్రింగ్...

తుడుపు కర్రని గట్టిగా పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ వెళ్లింది. కర్టెన్ వేసి ఉంది. కర్ర కొసతో పక్కకి నెట్టింది.

మంచం మీద తెల్లదుప్పటి.

దుప్పటి కింద... మనిషి ఆకారం.

పక్కకి వేలాడుతున్న ఒక చెయ్యి. ఎండిపోయి, నరాలు తేలి. ఆ మణికట్టుకి నల్లపట్టీ.

పోలేరమ్మ కాళ్లు గుమ్మం వైపు తిరిగిపోయాయి. రెండడుగులు కూడా వేసింది. మరి ఎందుకు ఆగిందో... సత్తెనపల్లి రోడ్డు మీద లారీ కళ్లముందు కదిలిందో, ఇంకేమైనానో. ఆగింది. వెనక్కి తిరిగింది. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ చాపి, దుప్పటి మీదే భుజాలు తట్టింది.

"అయ్యా... వినపడుతుందా?"

ఏం లేదు.

"అయ్యా! వినపడుతుందా?"

నోటి దగ్గర దుప్పటి కొంచెం లోపలికి పోయింది... కొంచెం పైకి లేచింది... లోపల్నుంచి, నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు —

"వినపడుతుంది తల్లీ... నేనింక లేవొచ్చా... ఇంకా చచ్చే ఉండాలా?"

"తొమ్మిదో మంచం!" పోలేరమ్మ వేసిన కేకకి పాత వార్డులో రోగులు లేచి కూర్చున్నారు. "తొమ్మిదో మంచం! మనిషి బతికే ఉన్నాడు! రండి!"

ముందు జక్కయ్య వచ్చాడు. సరిగ్గా అప్పుడే దుప్పటి సగం లేచింది. టార్చిలైటు అక్కడ పడింది, జక్కయ్య గేటు దగ్గర తేలాడు. తర్వాత శిరీష వచ్చింది. దుప్పటి లాగి చూస్తే, పెదకోటయ్య! ఆడవాళ్ల వార్డులో ఉన్న పెళ్లానికి తోడుగా నడికుడి నుంచి వచ్చిన ముసలాయన. ఒళ్లంతా చల్లటి చెమట. ఆయన వేలికి శిరీష సూది గుచ్చి చూసింది.

"అక్కా, షుగరు నలభై ఎనిమిదే! గ్లూకోజు సీసా తే, తొందరగా!"

పోలేరమ్మ పరుగు చూడాలి. గుమ్మం వైపు కాదు, మందుల బీరువా వైపు.

క్వార్టర్సు నుంచి వర్షిణి చెదిరిన జుట్టుతోనే పరిగెత్తుకొచ్చింది. సీసాలో సగం ఎక్కేసరికి పెదకోటయ్య మొహంలోకి రంగొచ్చింది. మాటలూ వచ్చాయి.

"ఏం తాతా, డ్రిల్లు ఏడింటికే అయిపోయిందిగా! లేచి రావొద్దూ?" అంది శిరీష.

"ఏందమ్మా అట్టంటావ్? పట్టీ ఎవరూ కట్టించుకోకపోతే నేనే ముందుకొచ్చా. డెబ్భై రెండొచ్చినయ్, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అలవాటు చేసుకునేది అని. 'నేనొచ్చి లేవమనేదాకా కదలొద్దు తాతా' అన్నది డాక్టరమ్మ. రాలా. నేను కదల్లా. చల్లగా ఉంది, కునుకు పట్టింది. మజ్జాన్నం షుగరు బిళ్ల ఏసుకున్నా, బువ్వే తినలా. ఆనక కళ్లు తిరిగి, ఏది నిద్రో ఏది చావో తెలీలా."

వర్షిణి నెత్తిన చెయ్యి పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. ఎర్రపట్టీలు, పచ్చపట్టీలు అన్నీ లెక్కపెట్టి తీసుకుంది. నల్లపట్టీ సంగతి ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చూడక్కర్లేదని ఆ సాయంత్రమే నేర్చుకున్నారు కదా! వార్డులో ఉన్న ముసలమ్మేమో, మొగుడు ఊరికి పోయాడనుకుని నిద్రపోయింది.

"ఇంకో గంట ఆలస్యమైతే..." అంది వర్షిణి. లేచి పోలేరమ్మ చేతులు పట్టుకుంది. "పొద్దున నీకు పరీక్ష లేదు. ఇక్కడ రాత్రి డ్యూటీలో మొదటి పేరు నీదే."

పోలేరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"అయినా తాతా, బెల్లు నొక్కి మంచి పని చేశావు" అంది వర్షిణి.

"నేనెందుకు నొక్కుతానమ్మా? కదలొద్దన్నారుగా! చిటికెనవేలు కూడా ఎత్తలా."

స్పృహ తప్పేముందు నొక్కి మర్చిపోయుంటాడులే అనుకుని అందరూ నవ్వుకున్నారు.

తెల్లారింది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. పెద్దవాళ్లు వచ్చే వేళవుతోంది. అప్పుడు కరెంటు పని చేసే ఐజాజ్ నిచ్చెన భుజాన వేసుకుని, చేతిలో వైరు చుట్టతో హడావిడిగా వచ్చాడు.

"మేడం, పది నిమిషాల్లో అయిపోద్ది. నిన్న డ్రిల్లని నన్ను లోపలికి రానీలా. మంచాల కాడి బెల్లులకి వైర్లు కలపాలి. ఆ నంబర్ల బోర్డుక్కూడా ఇంతవరకూ కరెంటివ్వలా."

వర్షిణి, శిరీష, పోలేరమ్మ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

పోలేరమ్మే ముందు మెల్లిగా అంది...

"అమ్మా, రాత్రి డ్యూటీ కాగితంలో నా పేరు కింద ఒక గీత ఖాళీగా ఉంచండి. గంట కొట్టినవాళ్ల పేరు మనకి తెలీదుగా."