విరిగిన కుకీల డబ్బా

పైకప్పు రేకులకు కొలతలు తీయించాలి. నాలుగు వందల కుకీ ప్యాకెట్లకు లేబుళ్లు అతికించాలి. బస్టాప్ పక్కన టేబుల్ వేసుకోవడానికి పర్మిషన్ తెచ్చుకోవాలి. బేకరీ మాస్టర్‌తో పోట్లాడకూడదు.

యువజన సంఘం సెక్రటరీ కాగితం మీద రాసుకున్న ఈ పనుల్లో మొదటి మూడూ చకచకా అయిపోయాయి. నాలుగోదే కుదరలేదు.

సంఘం నడిపే రీడింగ్ రూమ్ పైకప్పు చిల్లులు పడింది. ఆ గదిలో చదువుకునే సెక్రటరీ తమ ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకుంది. నాన్నకు సంతకం నేర్పిందీ అక్కడి బల్ల మీదే. వచ్చే ఆదివారంలోగా ప్యాకెట్లన్నీ అమ్ముడైతే కొత్త రేకులు వస్తాయి. లేదంటే మొదటి వానకే పుస్తకాలన్నీ తడిసి ముద్దవుతాయి.

రెండు రోజుల్లో అమ్మింది ముప్పై. మూడో రోజు తను కాల్చిన కొత్త సరుకుతో వచ్చిన మాస్టర్, పేరుకు మాస్టరే గానీ ఆమెకంటే రెండేళ్లే పెద్ద, అడక్కుండానే ఒక ప్యాకెట్ చింపి, కుకీ విరిచి, బస్సు దిగినాయన చేతిలో పెట్టాడు.

"ఏంటండీ ఈ దానధర్మాలు?" సెక్రటరీ కళ్లెర్రజేసింది.

"శాంపిల్ అండీ. రుచి తెలీకుండా ఎవరు కొంటారు?"

"ఊరికే పెడితే జనం తిని మూతి తుడుచుకుని పోతారు. మంచివి ముట్టుకుంటే ఊరుకోను. విరిగినవి ఉంటే పంచుకోండి."

"మీ మాటే శాసనం, సెక్రటరీ గారూ!"

ఈలోగా బస్సు దిగినాయన వెనక్కొచ్చి రెండు ప్యాకెట్లు పట్టుకెళ్లాడు. ఆమె అది చూడనట్టే ఊరుకుంది.

మర్నాటి నుంచి విరిగిన ముక్కల డబ్బా రావడం మొదలైంది. ఆమే పళ్లెం పట్టుకుని నిలబడింది. "కొనండి సార్, కొనండి మేడమ్" అంటుంటే జనం పక్కనుంచి జారుకున్నారు.

"పోలీసు ఎంక్వైరీలా అడిగితే ఎవరాగుతారండీ?" మాస్టర్ నవ్వాడు. "ముందు ముక్క ఇవ్వండి. నమిలేదాకా నోరు మెదపకండి. నోట్లో తీపి ఉన్నవాడు వద్దనలేడు."

పంతానికి అలాగే చేసి చూసింది. నిజమే, ఎవరూ వద్దనలేకపోయారు. ఆ సాయంత్రానికి నలభై ప్యాకెట్లు! సంతోషం పట్టలేక అతని వైపు తిరిగింది. అతను అప్పటికే చూస్తున్నాడు. ఇద్దరూ ఒక్కసారే బస్సు నంబరు చదవడంలో మునిగిపోయారు.

కానీ డబ్బా రోజురోజుకీ బరువెక్కుతోంది. సంఘం కొనిచ్చిన పిండీ వెన్నా విరగ్గొట్టడానికా? శుక్రవారం నేరుగా బేకరీ యజమానురాలి దగ్గరికే వెళ్లింది. ఆవిడ మాస్టర్‌కు స్వయానా పెద్దమ్మ.

"చెప్పకూడదు గానీ ఆంటీ, మీ మాస్టర్‌కు చెయ్యి నిలకడ లేదు. రోజూ ట్రేకి ట్రే విరగ్గొడుతున్నాడు."

పెద్దమ్మ మొహం మాడిపోయింది. "ట్రే దించడం రానివాడికి ఓవెన్ దగ్గరేం పనిరా? రేపట్నుంచి గిన్నెలు తోము."

ఓవెన్ దగ్గరున్న మాస్టర్ చేతిలోని ట్రే పక్కన పెట్టి తలూపాడు.

శనివారం పెద్దమ్మే కాల్చింది. ఒక్క కుకీ విరగలేదు. డబ్బా రాలేదు. మధ్యాహ్నం దాకా పోయింది నాలుగు ప్యాకెట్లు. ఇంకా నూట ఇరవై మిగిలాయి.

నిన్నటి డబ్బా అడుగున ముక్కలు ఏరుతూ సెక్రటరీ ఆగిపోయింది. జారిపడి విరిగిన కుకీ పొడిపొడి అవుతుంది. ఇవన్నీ కొలిచినట్టు పావు ముక్కలు. కాల్చకముందే కత్తితో గీత పెడితే తప్ప అలా విరగవు. పైగా ఈ డబ్బా మొదలయ్యాక బేకరీ నుంచి రావాల్సిన ప్యాకెట్లు ఒక్కటీ తగ్గలేదు. మరి ఈ పిండి ఎవరిది?

టేబుల్ తోటివాళ్లకు అప్పగించి పరుగెత్తింది. బేకరీ వెనక గదిలో అతను మోచేతుల దాకా సబ్బు నురగతో ఉన్నాడు.

"మంచివే విరిచారు కదూ?"

"మీవి ముట్టుకోలేదండీ. తెల్లారే వచ్చి నా పిండితో వేరే ట్రే కాల్చాను."

"నిన్న నోట్లో నాలుక లేదా? చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు లేనిపోని చాడీలు మోశారని పెద్దమ్మ మీ ఆర్డరే ఆపేసేది. ఆవిడ కోపం మీకు తెలీదు. రేకులాగిపోతాయి కదండీ."

ఆమెకు ఏడుస్తూ కూర్చునే తీరిక లేదు. తిన్నగా ముందు గదికి నడిచింది.

"ఆంటీ, తప్పు నాది. తెలుసుకోకుండా నోరు జారాను. నన్నేమన్నా పడతాను. ఆయన్ని మాత్రం ఓవెన్ దగ్గరికి పంపండి." జరిగిందంతా చెప్పింది.

పెద్దమ్మ కళ్లజోడు మీంచి చూసింది. "నిన్నేమో చెయ్యి నిలకడ లేదు, ఇవాళేమో ఆయనా! ఒరేయ్, ఆ గిన్నెలు వదిలేసి రారా. ఈ పిల్ల పట్టు చూస్తే నాకే భయమేస్తోంది."

ఆదివారం ముక్కల డబ్బా మళ్లీ వచ్చింది. సాయంత్రం ఆఖరి ప్యాకెట్ అమ్ముడయ్యేసరికి మబ్బులు కమ్ముకున్నాయి. టేబుల్ మడుస్తున్న మాస్టర్ ఎదుట ఆమె వచ్చి నిలబడింది.

"నాకు చుట్టూ తిప్పి మాట్లాడటం రాదు. మీరంటే ఇష్టం. రేకులు ఎక్కాక మా నాన్నతో చెబుతాను. అభ్యంతరముంటే ఇప్పుడే అనండి."

టేబుల్ అతని కాలి మీద పడింది.

"అబ్బా!"

"అభ్యంతరమా?"

"నొప్పండీ! అభ్యంతరం అస్సలు లేదు. కానీ పెద్దమ్మకు మీరే చెప్పాలి. నాకు భయం."

"పొద్దున్నే చెప్పేశాను. ముందు వాణ్ణి అడుగు, మిగతాది నేను చూసుకుంటానంది."

వాన మర్యాదగా రెండు రోజులు ఆగి, రేకులెక్కాకే కురిసింది.

ఎక్కడైనా ఎవరైనా పళ్లెం చాపితే, కొన్నా కొనకపోయినా ఆ ముక్క తీసుకోండి. మనందరికంటే ముందు లేచి దాన్ని కాల్చి, ఒకరి పని ఆగకూడదని మాట పడి ఊరుకున్న మనిషి ఉండే ఉంటారు. ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.