ఎర్ర హైహీల్స్ పక్కన

"ఇక్కడే. ఈ చెప్పుల రాక్‌లోనే పెట్టాను," అంది ఖుష్నుమా.

రాక్‌లో ఎవరివో బూట్లున్నాయి. వాళ్ళ నలుగురి చెప్పులు మాత్రం లేవు.

"ఇందాక అక్కడ కూడా ఇలాగే అన్నావు," అంది వాణి. ఎండకు పాలరాయి కాలిపోతోంది. వాణి ఒంటికాలి మీద గెంతుతోంది.

సహం ఊరి నుంచి మస్కట్‌లోని ఈ పెద్ద మసీదు చూడ్డానికి పొద్దున్నే వచ్చారు. కారు నడిపింది వాణి వాళ్ళ నాన్న రఘుపతి. ఆయనకు రెండింటికి సైట్‌లో డ్యూటీ. తిరిగి వెళ్ళడానికి రెండు గంటలు పడుతుంది. అప్పటికే పదకొండున్నర.

లోపలికి వెళ్ళే ముందే ఖుష్నుమా వాళ్ళ అమ్మ సర్వరీ బేగం చెప్పింది, "రాక్ మీద నంబర్ చూసుకో" అని. ఖుష్నుమా వింటేగా! తను ఇదివరకే ఒకసారి వచ్చింది. స్నేహితురాలు వాణికి పెద్ద షాండ్లియర్ దీపం తనే చూపించాలి. "నాకంతా తెలుసు అమ్మీ," అంటూ నలుగురి చెప్పులూ లాక్కుని ఒక అరలో కుక్కేసింది. పక్కన ఎర్ర హైహీల్స్ ఉన్నాయి. అదే గుర్తు పెట్టుకుంది.

ఇప్పుడు ఆ హైహీల్స్ లేవు. వాటి యజమానురాలు వాటిని వేసుకుని వెళ్ళిపోయింది.

"ఆ మినార్ కింద!" అంది ఖుష్నుమా.

"ఏ మినార్ బిడ్డా? నాలుగు మూలలకు నాలుగున్నయి," అన్నాడు రఘుపతి.

"అయితే ఆ కమాను పక్కన."

"కమాన్లు వందున్నాయే!" సర్వరీ బేగం తల పట్టుకుంది. "ఈ పిల్లతో వేగలేను భాయ్."

నిజమే. ఏ వైపు చూసినా అదే తెల్లరాయి, అవే కమాన్లు, అదే నీడ.

"ఖుష్నూ, నాకు ఒకటి..." అని వాణి మొదలుపెట్టింది.

"నువ్వు ఫస్ట్ టైమ్ వచ్చావు. నీకేం తెలుసు? నా వెనకాల రా."

మూడో వైపు కూడా లేవు. ఇంతలో రఘుపతి ఫోన్ మోగింది. ఫోర్‌మన్ ముర్తుజా. "బయల్దేరావా?" అన్న ఆయన అరుపు అందరికీ వినపడింది.

రఘుపతి ఒకసారి ఖుష్నుమా వైపు చూశాడు. తర్వాత హిందీలో అన్నాడు, "ట్రాఫిక్ భాయ్. చాలా ట్రాఫిక్ ఉంది. కొంచెం లేటవుతుంది."

ఆయన కాళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఖుష్నుమా ఆగి వెనక్కి తిరిగింది.

"వాణీ," అంది మెల్లగా. "ఎక్కడ పెట్టానో నాకు తెలీదు. ఇందాకట్నుంచీ ఊరికే చెప్తున్నా. నీకేమైనా గుర్తుందా?"

"అదే కదా చెప్పబోయాను! రాక్‌కి ఎదురుగా గోడలో గూడు ఉంది. నీలం పలకలు, వాటి మీద దానిమ్మ కాయలు."

"గూళ్ళు అన్ని వైపులా ఉన్నాయిగా?"

"ఉన్నాయి. కానీ ఒక్కోదానిలో ఒక్కో బొమ్మ. నువ్వు చూడలేదు."

ఖుష్నుమా మొదటిసారి గోడల వైపు చూసింది. ఒక గూట్లో నక్షత్రాలు. పక్క గూట్లో తీగలు. దాని పక్కన పడవ తెరచాపలాంటి ఆకారాలు. ఈసారి వాణి ముందు నడిచింది, ఖుష్నుమా వెనక. నాలుగో వైపు, చివర్నుంచి రెండో గూట్లో దానిమ్మ కాయలు కనిపించాయి. ఎదురుగా నాలుగు జతలూ ఉన్నాయి.

కారు ఎక్కేసరికి పన్నెండుంబావు అయింది. సీబ్ ఊరు దాటగానే ఫోన్ మళ్ళీ మోగింది.

"అంకుల్, నేను మాట్లాడతా," అంది ఖుష్నుమా.

"వద్దు బిడ్డా. ఆయనకు కోపమెక్కువ."

అప్పటికే ఆమె ఫోన్ తీసుకుని స్పీకర్ పెట్టింది. హిందీలో గబగబా చెప్పింది, "ముర్తుజా అంకుల్, ట్రాఫిక్ లేదు. మసీదులో నంబర్ చూడకుండా అందరి చెప్పులూ నేనే పోగొట్టాను. రఘుపతి అంకుల్ తప్పేం లేదు."

రఘుపతి నుదురు కొట్టుకున్నాడు.

"మరి ట్రాఫిక్ అన్నాడే?" అరిచాడు ముర్తుజా.

"అది నన్ను కాపాడటానికి." ఖుష్నుమా ఫోన్ వదల్లేదు.

ముర్తుజా గొంతు తగ్గించాడు.

"చెప్పులు దొరికాయా?"

"దొరికాయి. వాణి కనిపెట్టింది."

"సరే. రెండున్నరకల్లా రమ్మను. స్పీడ్ వద్దని చెప్పు."