నిద్రగాలి కాచిన విత్తనం

నల్లరేగడి నేలల నడుమ రేగడికోట అనే రాజ్యం ఉండేది. దాన్ని పాలించే బుక్కభూపతి మంచివాడే కానీ, పొయ్యి మీది అన్నం ఉడికిందో లేదో అని పదిసార్లు మూత తీసి చూసే రకం. ఆ రాజ్యానికి మూడేళ్ళుగా ఒక పీడ పట్టుకుంది. ఆకలిగాలి అనే రాక్షసి ఊరూరా తిరుగుతూ కనిపించినదల్లా తినేది. సాయంత్రం గోడకు ఆనించిన కొడవలి తెల్లారేసరికి తుప్పుగా రాలిపోయేది. నూనె ముక్కిపోయేది, ఊరగాయ బూజు పట్టేది.

మొదట్లో పాతరలకు మాత్రం ఏ బాధా లేదు. పాతర అంటే నేలలో బావిలా తవ్వి, ధాన్యం పోసి, పైన మట్టితో గాలి చొరకుండా మూసేసే గొయ్యి. అయితే రాజుగారికి దిగులు పట్టుకుంది. లోపల గింజ క్షేమంగా ఉందో లేదో చూసి రమ్మని రోజూ పాతరలు తెరిపించాడు. తెరిచినప్పుడల్లా రాక్షసి లోపలికి దూరింది. అలా చూసి చూసి రాజ్యంలోని గింజంతా పొడి చేసుకున్నారు. మృగశిర కార్తె రెండు నెలల్లోకి వచ్చేసరికి విత్తడానికి పిడికెడు కొర్రలు కూడా మిగల్లేదు.

నల్లగుట్ట గుహలో నూరేళ్ళ కిందట పూర్వులు దాచిన విత్తనాలున్నాయని పెద్దలు చెప్పుకునేవారు. వాటిని తెస్తానని కదిరప్ప అనే యువకుడు ఆరుగురు భటులను వెంటబెట్టుకుని వెళ్ళాడు. నెల దాటినా ఒక్కడూ తిరిగి రాలేదు.

కదిరప్పకు మరదలు ఉంది. పేరు ఓబులి. పాతరలు కాచే దాసప్ప కూతురు. ఇద్దరికీ పెళ్ళి మాట ఖాయమైంది. పాతరలోకి దిగే ముందు తాడుకు దీపం కట్టి దించి చూడటం వాళ్ళ ఇంటి పద్ధతి. దీపం ఆరిపోయిన చోట మనిషికీ ఊపిరి ఆడదు. బావ బయలుదేరేటప్పుడు ఓబులి ఈ మాటే చెప్పింది. ముసలమ్మ భయాలని అతను నవ్వి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆమెకు అతని మీద కోపం, అంతకు రెట్టింపు బెంగ. తండ్రి కాళ్ళకు దండం పెట్టి, దీపమూ చేంతాడూ తీసుకుని, బండిలో తడి మట్టి వేయించుకుని ఒంటరిగా బయలుదేరింది.

మూడో రోజున పాడుబడిన కొలిమి దగ్గర ఒక అవ్వ కూర్చుని ఇనుప ముక్కలను మరమరాల్లా నములుతూ కనిపించింది. అది ఎవరో ఓబులికి వెంటనే అర్థమైంది. అయినా పారిపోలేదు. మూట విప్పి రాగి సంకటి ముద్ద పెట్టింది.

"నన్ను జూసి పరిగెత్తలేదేం అమ్మీ?" అని అడిగింది అవ్వ.

"ఆకలిగొన్నోళ్ళను జూసి ఎవురన్నా పరిగెత్తుతారా అవ్వా?"

ఆ మాటకు ఆకలిగాలి మెత్తబడింది. తనను తిట్టని నోరు లేదని వాపోయింది. తాను లేకపోతే పొయ్యిలో మంట లేదు, మనుషుల ఎదలో ఊపిరి లేదు. కాకపోతే తినకుండా ఉండటం తన చేతిలో లేని పని. గుహలో ఉన్నది తన అన్న నిద్రగాలి. వాడు ఏదీ తినడు, ఎవరినీ తిననివ్వడు. వాడు ఉన్న చోట తాను అడుగు పెట్టడానికి వీల్లేదు. వాడు ఎంత జరిగితే తాను అంతే లోపలికి పోగలదు. ఇదంతా చెప్పి, అవసరమైతే పిలవమని అవ్వ మళ్ళీ ఇనుము మీద పడింది.

గుట్ట కింద ఒక పల్లపు లోయ ఉంది. అందులో కుందేళ్ళు, ఉడుములు ఎక్కడివక్కడ పడి నిద్రపోతున్నాయి. వాటి మధ్య నిలువెత్తు కొంగ ఒకటి మెడ చాచి నిలబడి ఉంది. పలకరించేవాళ్ళు లేక దానికి నాలుక దురద పెడుతోంది.

"దిగొద్దమ్మాయ్," అంది కొంగ. "ఇక్కడ నిద్రగాలి మడుగులా నిలిచింది. మోకాళ్ళదాకే ఉంది కాబట్టి నా తల మేలుకొని ఉంది. కాళ్ళు మాత్రం నిద్రపోయి ఆర్నెల్లయింది."

నిద్రగాలి బరువైనదని, నీళ్ళలాగా పల్లానికి చేరుతుందని ఓబులికి అప్పుడు తెలిసింది. చేంతాడుకు ఉచ్చు వేసి కొంగను గట్టుకు లాగి, దాని కాళ్ళకు వేడి పుట్టేదాకా రుద్దింది. తిమ్మిరి వదిలిన కొంగ ఇక తనను వదిలిపొమ్మన్నా పోనంది.

ఇద్దరూ లోయలోకి దిగకుండా గట్టు వెంట చుట్టు తిరిగి గుహకు చేరారు. గుహ లోపల రాతిమెట్లు కిందికి దిగిపోతున్నాయి. ఓబులి దీపాన్ని ముందు దించుతూ ఒక్కో మెట్టే దిగింది. పన్నెండో మెట్టు దగ్గర దీపం నీలంగా వణికింది, పదమూడో మెట్టుకు ఆరిపోయింది. ఆమె పన్నెండో మెట్టు మీదనే ఆగిపోయింది. గుహ వాకిలి నుంచి పడే వెలుగులో చూస్తే, పదహారో మెట్టు దగ్గర భటుల మధ్య కదిరప్ప పడుకుని ఉన్నాడు. ముఖం మీద బయలుదేరిన నాటి నవ్వు అలాగే ఉంది. ఇంకా కింద వరుసగా పెద్ద మట్టి కాగులు, వాటి నిండా బంగారు రంగు కొర్రలు. ఆమె బావ పేరు పెట్టి గట్టిగా పిలిచింది.

అప్పుడు అడుగునుంచి చల్లని మాట వినిపించింది.

"నా దగ్గరికొచ్చినోళ్ళంతా పలక్కుండా పండుకుంటారు. నువ్వు మాట్లాడతాండావే! ఎవురమ్మా నువ్వు?"

"ఓబులిని, అన్నా. మా బావను, ఆ విత్తనాలను తీసకపోదామని వచ్చినా."

"వాడు ఈడ సుఖంగా ఉండాడు. జబ్బు రాదు. ఒక్క వెంట్రుక నెరవదు. వెయ్యేండ్లయినా ఇట్లనే ఉంటాడు."

"అదే నాకొద్దు, అన్నా. నాకు ముసలోడయ్యే బావ కావల్ల. పోట్లాడేవాడు, దగ్గేవాడు, నాతోపాటు పండ్లు ఊడేవాడు కావల్ల."

చెడిపోకుండా కాపాడటమే మేలని నిద్రగాలి అనుకున్నాడు గానీ, ఆ మేలు వద్దనేవాళ్ళు ఉంటారని అతనికి ఎప్పుడూ తోచలేదు. చివరికి ఒప్పుకున్నాడు. అయిదు మెట్లు కిందికి జరుగుతానన్నాడు. కాగుల్లో కొర్రలతోపాటు తానూ కూర్చుని వస్తానన్నాడు. నేల తడిసేదాకా మూత తీయకూడదనేది అతని షరతు.

"ఇంకో మాట ఇను," అన్నాడు. "ఈ గింజలు చెడలేదని చెప్పగలను. బతికుండాయని చెప్పలేను. అది నా విద్య గాదు."

ఓబులి ఆకలిగాలిని పిలిచింది. కొంగ మెట్ల మీద నిలబడి రెక్కలతో గాలిని లోపలికి విసిరింది. నిద్రగాలి జరిగిన మేర అవ్వ లోపలికి వచ్చింది. మళ్ళీ వెలిగించి దించిన దీపం పదహారో మెట్టు మీద నిలకడగా వెలిగాక ఓబులి అక్కడికి దిగి బావ భుజం పట్టి కుదిపింది. కదిరప్ప ఆవులించి, అన్నం వేళయిందా అని అడిగాడు. ఆమె కన్నీరు ఆపుకుని నవ్వింది. మిగిలిన ఆరుగురూ ఒకరి తరువాత ఒకరు లేచారు.

చేంతాడుకు కొక్కెం కట్టి కాగులను నిటారుగా పైకి లాగారు. నీళ్ళ బిందెలో నీళ్ళు నిలిచినట్టే వాటిలో నిద్రగాలి నిలిచాడు. పైకి రాగానే మూకుడు పెట్టి తడి మట్టితో అంచులు మూసేశారు. నాలుగో కాగు దగ్గర కదిరప్పకు ఆత్రం ఆగక, గింజ ఎలా ఉందో చూద్దామని చెయ్యి పెట్టి కలియబెట్టాడు. పక్కనే కాచుకున్న ఆకలిగాలి కాగులోకి గుప్పున దూరింది. కాగు నిండా బూడిద మిగిలింది. కదిరప్ప తల వంచుకున్నాడు, ఆ తరువాత తక్కిన పదకొండు కాగులను అతనే స్వయంగా మూశాడు.

కోటకు చేరాక రాజుగారి పాట్లు చూడాలి. కాగుల చుట్టూ పది ప్రదక్షిణాలు చేశాడు. ఒక్కటంటే ఒక్కటి, కాస్తంత తెరిచి చూద్దామని బతిమాలాడు. దాసప్ప కాగుల ముందు కూర్చుని, తన తల తీశాకనే మూత తీయమని నెమ్మదిగా చెప్పాడు. రాజు సిగ్గుపడి వెళ్ళిపోయాడు. ఆ మూడేళ్ళలో రాజ్యంలో తెరవకుండా నిలిచిన మొదటి గింజలు అవే.

మృగశిర మూడోనాడు వాన పడింది. తడిసిన చేలో కాగులు తెరిచారు. తెరిచిన కాగు తెరిచినట్టే విత్తనం వేసే గొర్రుకు అందించారు, ఆకలిగాలి వచ్చేలోపు గింజలన్నీ మట్టిలోకి దిగిపోయాయి. ఇక చేయగలిగింది ఏమీ లేదు. నాలుగు రోజులు నేల నల్లగానే ఉంది. నూరేళ్ళ గింజ మొలుస్తుందా అని జనం గుసగుసలాడారు. ఓబులికి ముద్ద దిగలేదు. గింజ చచ్చి ఉంటే రాజ్యమంతా వలస పోవాలి.

అయిదోనాడు పొద్దున కదిరప్ప చేనిగట్టు మీద నిలబడి ఆమెను చెయ్యి ఊపి పిలిచాడు. ఓబులి పరుగెత్తి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. సాలు పొడవునా సూది మొనలంత పచ్చటి మొలకలు మట్టిని పైకెత్తుతున్నాయి. గుహలో కూడా కన్నీరు ఆపుకున్న పిల్ల అక్కడ మొలకల పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు విని రాజు, దాసప్ప, ఊరంతా పరుగున వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చెప్పులు గట్టు మీద విడిచి, సాళ్ళ వెంట మెల్లగా నడిచారు.

రాజ్యంలోని పాతరలన్నిటి మీదా అధికారం బుక్కభూపతి ఆ రోజే ఓబులికి రాసిచ్చాడు. పంట ఇంటికి వచ్చాక ఓబులికీ కదిరప్పకూ పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళిలో వచ్చినవాళ్ళందరికీ వేడి వేడి కొర్రన్నం వడ్డించారు.