నిండుకున్న డి-డైమర్

ఆ కాలానికి బందరు సముద్రం మీద తేలుతోంది. గాలి గట్టిగా వీచిందంటే వీధులు చోట్లు మారిపోయేవి. పొద్దున ఎదురింట్లో పలకరించిన మనిషి మధ్యాహ్నానికి మూడు పేటల అవతల తేలేవాడు. అక్కడ అందరి చెవులకూ నెత్తురుపోగులే. పోగు చెవితమ్మె నుంచి దోమకన్నా సుతారంగా చుక్క పీల్చి, అందులోని జాడలు చదివేది. ఎందుకొస్తుందో డాక్టర్లకే అంతుపట్టని స్ట్రోకును ముందే పసిగట్టేది. అది చదివే జాడల్లో పెద్దది డి-డైమర్. నెత్తురు గడ్డలు కరిగేటప్పుడు రాలే తునకలవి. పెరిగాయంటే ఒంట్లో ఎక్కడో గడ్డ కడుతుండొచ్చు.

ఆ పొద్దున వీరరాఘవులు పోగు పలికింది. "డి-డైమర్ నిండుకుందండీ."

"విన్నావా నాంచారూ! బొత్తిగా లేదట. ఇంకో రెండు గారెలు పడెయ్!"

నాంచారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన అన్న పోయింది అలాంటి స్ట్రోకుతోనే.

"బియ్యం నిండుకుంటే డబ్బా ఖాళీ. దీనికీ అంతేనంటారా?"

"తెలుగేగా అదీ!"

ఆమెకు కాలు నిలవలేదు. గుమ్మందాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మొగుడి చెవి నోటి దగ్గరికి లాక్కుంది. "ఏమే పోగూ, ఖాళీయా? నిండా?"

"అశుభం పలకనండీ."

"ఖాళీ అయితే శుభమేగా! పలుకు!"

పోగు కిక్కురుమనలేదు.

అంతే. పట్టిన చెవి వదలకుండా ఆయన్ని పడవెక్కించింది. ఆసుపత్రి అప్పటికే గాలివాటున కొట్టుకుపోతోంది. దాన్ని సముద్రంలో తరిమి పట్టుకుంది.

పోగును కనిపెట్టిన డాక్టర్ ఇందుమౌళి ఆయన గుండె చూసి, అందులో ఓ మూలగదిలో గడ్డ ఉందని తేల్చి, మందెక్కించింది.

"మన వంటిళ్ళ మాటలే దీనికి నేర్పామమ్మా. చెడ్డ కబురేదైనా 'నిండుకుంది' అనే చెప్పాలనుకుంది కాబోలు."

"ఇదేం చోద్యం! ఉన్నదున్నట్టు చెప్పేలా మార్చండి తల్లీ."

ఇందుమౌళి అక్కడికక్కడే మార్చింది. సాయంత్రం వీరరాఘవులు లేచి కూర్చుని కాఫీ అడిగాడు. పోగు గొంతు సవరించుకుంది.

"గడ్డ కరుగుతోంది. మందు మానితే మళ్ళీ కడుతుంది. పక్షవాతం రావచ్చు. మనిషి పోవచ్చు కూడా."

"నీ నోరు పడిపోనూ!" నాంచారమ్మ ఒక్క ఊపున పోగు ఊడబీకింది. "శుభమా అని మనిషి లేచి కూర్చుంటే ఏం మాటలే అవి!"

"నిజమే చెప్పిందిగా అమ్మా," అంది ఇందుమౌళి.

"చెబితే? చెప్పే తీరుండొద్దూ!" పోగును ఆమె చేతిలో పెట్టింది. "మళ్ళీ పాత మాటలే పెట్టండి డాక్టరమ్మా. నిజం అది నోరు మూసుకున్నప్పుడు నేను కనిపెట్టుకుంటాలెండి."