పిల్లను చూడవచ్చిన డాక్టరు

"ఏమప్పా, డాక్టరంటే నువ్వేనా?"

కోడుమూరు పశువుల ఆసుపత్రి గుమ్మంలో నిలబడి హంపమ్మ వేసిన కేకకు లోపల కట్టేసిన దున్నపోతు కూడా తల తిప్పి చూసింది. డాక్టరు మహానంది చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. మనిషి పొడుగ్గా, తీరుగా ఉన్నాడు.

"నేనే. ఏం కావాలమ్మా?"

"ఈ కాలు ముందర ఎట్లుండెనో అట్ల చేసి ఇయ్యి."

హంపమ్మ చేతిలో తాడు ఉంది. తాడు చివర పొట్టేలుపిల్ల ఉంది. దాని పేరు దొర. దొరలు దేశం వదిలి పోయి ఏండ్లు గడిచినా ఈ దొర దర్జా మాత్రం తగ్గలేదు. నిలబడిన చోట నిలబడకుండా గుమ్మం మీదికీ కిందికీ దుముకుతోంది.

"మొన్న కుంటుకుంటా వచ్చిన పిల్లే గదా ఇది! మీ నాయన తీసుకొచ్చినాడు. గిట్టలో ముల్లు విరిగుంటే తీసి కట్టు కట్టినా. ఇప్పుడు చక్కగా దుముకుతాంది."

"అదే నేను అడుగుతాండేది. ఎందుకు దుముకుతాంది? నిన్నెవరు బాగు చేయమన్నారు?"

మహానందికి చదువుకున్న పుస్తకాల్లో ఇలాంటి ప్రశ్న ఎక్కడా తగిలినట్టు లేదు. నేల మీద చతికిలబడి, దొర కాలును ఒళ్లో పెట్టుకుని గిట్ట నొక్కి చూశాడు. తెల్లని ప్యాంటుకు పేడ అంటింది. అతను చూసుకోలేదు. హంపమ్మ చూసింది.

సంగతేమిటంటే, హంపమ్మ తండ్రి మారెన్న బావి తవ్విస్తూ ఊరి అమ్మవారికి మొక్కుకున్నాడు. నీళ్లు పడితే పొట్టేలును ఇస్తానన్నాడు. నీళ్లు పడ్డాయి, మోకాలి లోతు మాత్రం. మొక్కిన జీవానికి ఏ లోపమూ ఉండకూడదని పూజారి చిన్న ఈరన్న నియమం. అందుకే దొర కుంటినన్నాళ్లు హంపమ్మ హాయిగా ఉంది. తల్లి చచ్చిన ఆ పిల్లకు సీసాతో పాలు పట్టి పెంచింది ఆమే. ఇప్పుడు కాలు బాగైంది. జాతర వచ్చే మంగళవారం.

అంతా విని మహానంది తల గోక్కున్నాడు. "పోయిన కుంటును తిరిగి తెప్పించే మందు మా దగ్గర లేదమ్మా."

"లేకుంటే పో. దేశంలో నువ్వొక్కడివే డాక్టరువా? ఇంకో ఆసుపత్రి చూసుకుంటా."

లోకమంతా జబ్బు నయం చేసే ఆసుపత్రి కోసం తిరుగుతుంది. హంపమ్మ మాత్రం నయం చేయని ఆసుపత్రి కోసం బయలుదేరింది. అలాంటివాటికి మన దేశంలో ఏమంత కరువు ఉండదని ఆమె ధీమా.

మొదట గుర్రాల కంబన్న దగ్గరికి పోయింది. కంబన్న ఎప్పుడో పట్టాళంలో గుర్రాలకు మాలిష్ చేసి వచ్చినవాడు. ఇంటి అరుగు మీద ఒక జీను, ఒక నల్లటి మందు సీసా పెట్టుకుని వైద్యశాల అన్నాడు. ఎద్దు ఉబ్బినా, కోడి కునికినా ఆ సీసాయే. ఆయన వైద్యం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడే రకమని ఊళ్లో పేరు. హంపమ్మకు కావలసింది సరిగ్గా ఆ వైద్యమే.

"జబ్బేంది?" అన్నాడు కంబన్న.

"జబ్బే లేదు తాతా."

"అదే పెద్ద జబ్బు. పట్టాళంలో ఇట్లాంటివి శానా చూసినాం," అని దొర నోట్లో ఆ నల్లటి మందు పోశాడు. దొర చప్పరించి, కంబన్నను ఒక్క పోటు పొడిచి, ఇంటికి వచ్చి రెండింతల మేత తిన్నది. చెడగొట్టడానికి కూడా నమ్మరాని వైద్యం!

తర్వాత కర్నూలు. కర్నూలు రాజధాని అయినాక ఒక పెద్దమనిషి అక్కడ సొంతంగా జంతువుల దవాఖానా తెరిచాడని విన్నది. తల్లి లేని హంపమ్మను పెంచిన అవ్వ గిడ్డమ్మ, తుంగభద్రలో ఒక మునక దొరుకుతుందని వెంట వచ్చింది. దొర బస్సు మీద కూర్చుని వచ్చింది.

దవాఖానా వరండాలో కుర్చీల మీద కుక్కలు కూర్చుని ఉన్నాయి. వాటిని తెచ్చిన బంట్రోతులు నిలబడి ఉన్నారు. గేటు దగ్గర ఒకడు ఆపాడు.

"ఎవరి పొట్టేలు?"

"మారెన్నది."

"మారెన్న ఏ డిపార్టుమెంటు?"

"సేద్యం," అన్నది హంపమ్మ.

"ఆ ఆఫీసు ఇంకా రాజధానికి వచ్చినట్టు లేదే," అని వాడు గోడ పక్కన నిలబెట్టాడు. పొద్దు వాలే వేళకు డాక్టరు దొరగారు బయటికి వచ్చి, మెట్టు దిగకుండానే, "బాగా బలిసింది. పండగకు సరిపోతుంది," అని మెచ్చుకుని లోపలికి పోయాడు.

తిరుగు బస్సులో గిడ్డమ్మ నిద్రపోయింది. హంపమ్మకు నిద్ర రాలేదు. అరుగు మీది వైద్యుడూ, మెట్టు మీది వైద్యుడూ, ఇద్దరిలో ఒక్కడైనా దొర కాలును చేత్తో ముట్టలేదు. పేడ అంటిన తెల్ల ప్యాంటు వద్దన్నా గుర్తుకు వచ్చింది. ఆమెకు కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియకుండా.

మరునాడు కోడుమూరు ఆసుపత్రికి పోయేసరికి వాన మొదలైంది. మా సీమ వాన దూరపు చుట్టం లాంటిది. గుమ్మంలో నిలబడి క్షేమమడిగి, మంచినీళ్లు కూడా తాగకుండా పోతుంది. ఆ కాసేపూ హంపమ్మ కొట్టంలోకి రాక తప్పలేదు.

"ఊర్లో ఆసుపత్రులన్నీ చూసొచ్చినా," అన్నది.

"మాది ఎట్లుండాది వాటి ముందర?" అన్నాడు మహానంది.

"శానా అన్యాయమైంది. ఈడ నయమైతాది."

అతను నవ్వాడు. ఆమె కళ్లలో నీళ్లు చూసి నవ్వు ఆపాడు.

"చూడమ్మా, లేని జబ్బు ఉందని చెప్పను. జీవానికి నొప్పి కలిగేట్టు ఏదీ చేయను. ఇంక మిగిలిందల్లా గొర్రెల బొబ్బరోగం టీకా. అది అన్ని జీవాలకూ వేస్తాండాము. వేసినదానికి గుర్తుగా చెవికి చిన్న చిల్లు పెడతాము."

"ఆ చిల్లు పూడుతాదా?"

"జన్మకు పూడదు."

అతను కొట్టం పైకప్పు రేకుల వైపు చూశాడు. ఆమె వాన వైపు చూసింది. వాన ఆగిపోయి చాలాసేపయిందని ఇద్దరూ గమనించలేదు.

"కానీ మీ నాయన ఒప్పుకోవాల. ఆయనకు చెప్పకుండా వేయను," అన్నాడు మహానంది.

హంపమ్మ ఇంటికి పోయి, అన్నం వడ్డిస్తూ, "పై వీధి పెద్దోళ్ల గొర్రెలకు సర్కారు ఊరికే సూదులు వేస్తాందంట నాయనా. మనట్లాంటోళ్లకు వేయరంట," అన్నది.

"ఎందుకు వేయరు? సర్కారు వాళ్ల అబ్బ సొత్తా?" అని మారెన్న చెయ్యి కడగకుండానే లేచాడు. తెల్లారి కోడుమూరు పోయి డాక్టరును ఒప్పించి వచ్చి, "రేపు డాక్టరు మనింటికే వస్తాండాడు, పిల్లను చూసేదానికి," అని తల్లి గిడ్డమ్మ చెవిన వేసి, చేనికి పోయాడు.

పిల్లను చూసేదానికి! గిడ్డమ్మ ఆ మాటను పట్టుకుని ఇల్లు అలికించింది. ఓళిగలు చేసింది. హంపమ్మకు పట్టుచీర కట్టబెట్టింది. ఏ పిల్లనో హంపమ్మకు తెలుసు. తెలిసీ ఎందుకు దిద్దలేదో ఆమెనే అడగాలి.

మహానంది వచ్చేటప్పటికి మారెన్న ఇంకా చేనిలోనే ఉన్నాడు. గిడ్డమ్మ చాప వేసి, ఓళిగలు పెట్టి, ఊరూ ఇంటిపేరూ అడిగింది. ఎర్రగుంట్ల పక్కవాడనీ, తమవాళ్లేననీ తేలేసరికి ఇంకో గరిటె నెయ్యి పోసింది.

"పిల్లను చూస్తివి గదా నాయనా, ఎట్లుండాది?"

గుంజకు కట్టేసిన దొరను మహానంది వచ్చేటప్పుడే చూశాడు. "బాగుండాది అవ్వా. పోయినసారి కంటే కండ పట్టింది."

"పోయినసారా! యాడ చూస్తివి?"

"ఆసుపత్రిలో. ఒకటే అరుపు."

"దాని నోరు అంతే నాయనా. మనసు వెన్న."

"నోరు పోనీలే, పొడిచేది మాన్పించాల."

"పెండ్లయితే అదే మానుతాది," అన్నది గిడ్డమ్మ.

మహానంది కాస్త ఆలోచించాడు. అర్థం కాలేదు. "ఒకసారి నోరు తెరిచి పళ్లు చూస్తా. వయసు తెలుస్తాది."

"వయసు నేను చెప్తా గదా! మా కాలంలో నడిపించి చూసిరి, పాడించి చూసిరి. పళ్లు చూసేది ఇదేం చదువప్పా?"

"చూడకుంటే ఎట్ల? ఆ తర్వాత చెవికి చిల్లు పెట్టి పోతా."

"చెవులా! దానికి పాలపళ్లు రాకముందే కుట్టించినాము నాయనా!"

తలుపు వెనక నుంచి ఫక్కున నవ్వు వినిపించింది. మహానంది తలెత్తాడు. పట్టుచీరా, చెవికమ్మలూ, నవ్వు ఆపుకోలేక తలుపును పట్టుకున్న హంపమ్మా కనిపించారు. తన ముందున్న ఓళిగలు కూడా అప్పుడే కొత్తగా కనిపించాయి. తింటున్న ఓళిగ గొంతులో అడ్డం పడింది.

అతను దగ్గుతుండగానే మారెన్న వచ్చాడు. మహానంది సూది తీసి, "చెవికి చిల్లు పడుతుంది, మారెన్నా. పూడదు. ఒప్పేనా?" అని అడిగాడు.

"ఊరికే కదా? రెండు చెవులకూ పెట్టప్పా!"

మంగళవారం జాతరలో డప్పులు మోగుతుండగా పూజారి చిన్న ఈరన్న దొర చెవులు పట్టి చూశాడు. వెలుతురు ఇటునుంచి అటు కనపడింది. "చిల్లుల జీవాన్ని అమ్మ ఒప్పదు. తీసుకుపో."

మారెన్న ముఖం మాడిపోయింది. గుంపులో ఉన్న మహానంది మీదికి పోయాడు. "నీకు ముందే తెలుసునా?"

"తెలుసు. అడిగింటే చెప్పిండేవాణ్ణి. చిల్లు పడుతుందని చెప్తి. రెండోది నువ్వే అడిగితివి."

పదిమందీ నవ్వారు. మారెన్నకు భయం కూడా ఉంది, మొక్కు తప్పితే అమ్మ ఊరుకుంటుందా అని. అప్పుడు గిడ్డమ్మ ముందుకు వచ్చింది.

"ఏం మొక్కితివిరా? నీళ్లు పడితే పొట్టేలంటివి. అమ్మ ఎంత ఇచ్చింది? మోకాలంత. నువ్వెంత ఇస్తివి? చెవి చిల్లంత. ఎవరి బాకీ వాళ్లకు తీరింది. బావి నిండిన్నాడు నిండు మొక్కు తీర్చు. ఈ పొద్దుకు పొంగలి పెట్టు."

ఈరన్న అమ్మవారి వైపు చూశాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆమె ఎన్నడైనా నోరు తెరిచి ఏదైనా అడిగిందా, మన ఆకలిని మనమే ఆమె నోట పలికిస్తున్నామా అని అడిగితే మా ఊళ్లో పెద్దలు కోప్పడతారు. పొంగలి మాత్రం ఆ రోజు చాలా బాగా కుదిరింది.

పొంగలి ఆకు అందుకుంటూ మహానంది మెల్లగా అడిగాడు. "అన్ని ఆసుపత్రులూ తిరిగితివి. ఏది మేలని తేల్చినావు?"

"కంబన్న తాత దగ్గర అన్నిటికీ ఒకటే మందు. కర్నూల్లో జీవానికి కాదు, డిపార్టుమెంటుకు వైద్యం. నీ దగ్గర జీవం బాగుపడుతాది గానీ, తోలుకొచ్చిన మనిషికి జబ్బు తగులుకుంటాది."

మహానంది ఆకు కింద పెట్టాడు. "తగులుకుందా?"

"నేనెందుకు చెప్తా?" అన్నది హంపమ్మ. "పళ్లు చూసి తెలుసుకో."

నెల తిరక్కముందే ఎర్రగుంట్ల వైపు నుంచి ఒక పెద్దామె బండి దిగింది. మహానంది తల్లి. "పిల్లను చూసేదానికి వచ్చినామమ్మా," అన్నది.

గిడ్డమ్మ చాప వేయలేదు. గడపకు అడ్డంగా నిలబడింది.

"ముందు ఇది చెప్పు తల్లీ. రెండుకాళ్ల పిల్లనా, నాలుగుకాళ్ల పిల్లనా?"

ఆ పెద్దామె సంచిలోంచి కొత్త కమ్మల జత ఒకటి తీసింది. దాని వెనకే పచ్చగడ్డి కట్ట తీసింది.

"మావాడు రెండింటినీ చూసి రమ్మన్నాడు."