ఎనిమిదో ఛానెల్‌లో అక్క గొంతు

ఆగండి! పేజీ తిప్పకండి... ఫ్యాన్ ఆపండి. ఊపిరి బిగపట్టి, చెవులు రిక్కించి వినండి... వినిపించిందా?

"దయచేసి తలుపు మూయండి..."

తేనెలో ముంచి తీసినట్టున్న ఆడగొంతు! కానీ ఈ రోజు ఆ కోల్డ్ స్టోరేజీ గోదాముకు సెలవు. తలుపులన్నీ మూసే ఉన్నాయి. మరి ఆ గొంతు ఎవరితో చెబుతోంది? మూసిన తలుపులోంచి లోపలికి వచ్చిందెవరు?... కాదు, వచ్చిందేమిటి?

మిట్టమధ్యాహ్నం! అర్ధరాత్రి కన్నా ఘోరమైన వేళ అది. అర్ధరాత్రయితే మనిషి గడియ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని జాగ్రత్తగా ఉంటాడు. మధ్యాహ్నం పూట ఎవడు భయపడతాడు? ఆ ధీమానే క్షుద్రశక్తులకు కావలసింది! కారుమబ్బులు సూర్యబింబాన్ని కబళించేశాయి. ఫెళఫెళమని పిడుగు... ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీద, పట్టపగలే, కళ్ళు చిట్లించుకుని ఓ గుడ్లగూబ!

కిందటి వారం ఆ గోదాము గోడకు ఓ మాట్లాడే పెట్టెను బిగించినవాడు వైరు. పసితనంలో ఎక్కడ వైరు కనబడితే అక్కడ పీకేవాడని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరది. పెద్దయ్యాక అదే వాడి బతుకుతెరువైంది. అరచేతిలో ఇమిడే పెట్టె, అందులో ఎనిమిది ఛానెళ్ళు. ఒక్కో ఛానెల్‌లో ఒక్కో మాట రికార్డు చేసి, దాని తీగను కావలసిన చోటికి లాగి కలిపితే సరి... తలుపు తెరిచి ఉంటే ఒక మాట, లారీ వెనక్కి వస్తుంటే ఒక మాట, పొగ లేస్తే ఒక మాట దానంతటదే పలుకుతుంది.

కానీ మాటలకు గొంతు కావాలి కదా! వైరుకు తెలిసిన మంచి గొంతు ఒక్కటే... వాళ్ళ అక్కది.

"ఒరేయ్ వైరూ, మీ బావే నా మాట వినడు. నీ గోదాములో మూటలు వింటాయంట్రా?" అంది అక్క, చంటిపాపను చంకనేసుకుని గోదాము ఆఫీసు గదిలో మైకు ముందు నిలబడుతూ.

"మూటలేంటక్కా, లారీ డ్రైవర్లు కూడా వింటారు! ముందు నిప్పు మాట. పాప పొయ్యి దగ్గరికి పాకితే ఎలా అరుస్తావో అలా అరువు. అది ఒకటో ఛానెల్. అది మోగిందంటే మిగతావన్నీ నోరు మూసుకోవాల్సిందే. మిగతావి వేటి స్పీకర్లో అవి పలుకుతాయి, పెత్తనమంతా అన్నిటికన్నా చిన్న నంబరుదే."

"మా ఇంట్లోలాగే అన్నమాట," అని పాప బుగ్గ గిల్లి, గుండెనిండా గాలి పీల్చుకుని అరిచింది అక్క.

"నిప్పు! లోపలున్నవాళ్ళందరూ బయటికి పొండి! ఆగొద్దు! పొండి!"

దడుచుకున్న పాప గుక్కపట్టింది. "అయ్యో నా తల్లీ, నిన్ను కాదే!" అంటూ అక్క అక్కడే జోల అందుకుంది. "కన్ను మూయవే చిట్టీ... కల నీకు కాపలా..." వైరు గప్‌చుప్‌గా ఆ జోలను ఖాళీగా ఉన్న ఏడో ఛానెల్‌లో పట్టేశాడు, తర్వాత ఆటపట్టించొచ్చని.

సరిగ్గా అప్పుడే వచ్చాడు గోదాము మేనేజరు. ఎప్పుడో గొంతు కాలిపోయిందట. నోరు తెరిస్తే తుప్పు రేకు మీద మేకుతో గీసినట్టు ఓ గరగర, అంతే. అందుకే వెనకాల అందరూ మౌని అంటారు.

"ఎనిమిదోది... స్పీకరు పరీక్షకి..." అన్నాడు. "నేను చెప్పినట్టు పలకమ్మా."

ఒక్కో అక్షరం గరగరగా అందించాడు. హ్రీంకారాలు, ఫట్‌కారాలు, ఏ నోటా వినని వికృత శబ్దాలు!

"ఇదేం భాష సార్?"

"యంత్రాల భాష."

నవ్వాపుకుంటూనే మొత్తం పలికింది అక్క. ఆఖరి అక్షరం దగ్గర ఆగలేక కిసుక్కుమంది. వైరు మళ్ళీ రికార్డు చేద్దామంటే మౌని వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఆ వేళ్ళు మంచులా ఉన్నాయి.

"నవ్వు కూడా... ఉండనీ."

అయ్యో అక్కా! ఆ పరమ నికృష్టుడు ఒకప్పుడు మహాక్షుద్రోపాసకుడు! జపం మధ్యలో ఊపిరి తడబడి ఒక్క అక్షరం జారితే, పిలిచిన శక్తే వాడి కంఠాన్ని దగ్ధం చేసింది. వాడికిప్పుడు అలసట లేని, తడబడని, నిర్విరామంగా జపించే గొంతు కావాలి. మనిషికి అది సాధ్యమా? కాదు... కానీ యంత్రానికి సాధ్యం! మీట తిప్పితే చాలు, చెప్పిందే చెబుతూ పోతుంది! జపం పూర్తయిన క్షణాన ఆ గొంతు మౌని కంఠంలోకి వచ్చేస్తుంది... గొంతుగల మనిషి మట్టిలోకి పోతుంది!

ఆ సాయంత్రమే అక్క గొంతు బొంగురుపోయింది. "మైకు ముందు అరిపించావు కదరా, అనుభవిస్తున్నా," అని నవ్వింది. మర్నాటికి నవ్వినా చప్పుడు లేదు. ఏ డాక్టరూ ఏమీ కనిపెట్టలేకపోయాడు. పాప జోల కోసం ఏడ్చేది. అక్క పెదాలు కదిపేది, గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఇక ఈ మధ్యాహ్నం... అన్నం కలుపుతున్న అక్క చేతిలోంచి గిన్నె జారిపోయింది! నిలువుగా లేచింది! కనుపాపలు పైకి తిరిగి తెల్లగుడ్లు మిగిలాయి! వారంగా మూగపోయిన నోరు తెరుచుకుని, మొదట 'టిక్' మని ఓ చప్పుడు... ఆ వెంటనే ఆ వికృతాక్షరాలు ప్రవాహంలా! చివర 'కిసుక్'. మళ్ళీ 'టిక్'... మళ్ళీ అవే అక్షరాలు... మళ్ళీ అక్కడే ఆ 'కిసుక్'!

"అక్కా! అక్కా, నేనే!... ఒక్కసారి నా వైపు చూడవే!"

చూడలేదు. ఆ 'టిక్' వైరుకు తెలుసు. ఛానెల్ తెరుచుకునే ముందు పెట్టె చేసే చప్పుడు! పక్కింటామె చేతిలో పాపను పెట్టి, కుంభవృష్టిలో గోదాముకు పరిగెత్తాడు.

"దయచేసి తలుపు మూయండి... దయచేసి తలుపు మూయండి..." మూసిన తలుపుల మీది స్పీకర్లు ఒక్కోటీ పలుకుతున్నాయి. మంత్రం పిలిచినవి ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి!

అన్నిటికన్నా లోపలి చల్లటి గదిలో గుండం మండుతోంది. ఎదురుగా కపాలం... దాని దవడల మధ్య వైరు బిగించిన స్పీకరు! కంటిగుంతలో పెట్టె ఎర్రదీపం మిణుకుమంటోంది! కపాలం అక్క గొంతుతో జపిస్తోంది. మౌని ఒళ్ళంతా చర్మం కింద ఏవో ఎలుకల్లా పాకుతున్నాయి!

వైరు తీగ మీద చెయ్యి వేశాడు.

"తెంపు..." మౌని పెదాలు కదిలాయి. ఈసారి గరగర లేదు. సగం వాడి పాత గొంతు, సగం అక్క గొంతు! "తెంపరా తమ్ముడూ! చేత్తో ఆపినవాడి చేతిలోనే ఆమె పోతుంది! తెంపు!"

చెయ్యి ఆగిపోయింది. తెంపితే అక్క చస్తుంది. తెంపకపోయినా చస్తుంది. వైరు పిచ్చివాడిలా పైకి చూశాడు... కప్పుకు, పొగను పసిగట్టే సెన్సారు. దానికి మౌని ప్లాస్టిక్ సంచి తొడిగి కట్టాడు.

ఒకటో ఛానెల్! తన చెయ్యి పడకుండా జపాన్ని ఆపగలిగింది అదొక్కటే!

బల్ల మీదికి ఎగిరి, సంచిని చింపి పారేశాడు. "వద్దు!" మౌని కేక... గుండం పొగ మెల్లగా సెన్సారులోకి దూరింది...

టిక్!

జపం నడిమధ్యలో, అక్షరం నడిమధ్యలో, కపాలం గొంతు మార్చింది. ఈసారి నవ్వు లేదు. బిడ్డ మీదికి నిప్పు వస్తుంటే తల్లి అరిచే అరుపు!

"నిప్పు! లోపలున్నవాళ్ళందరూ బయటికి పొండి! ఆగొద్దు! పొండి!"

వారమంతా ఆ గొంతుకు కట్టుబడి వచ్చిన శక్తులవి. ఆ గొంతు పొమ్మంటే ఆగుతాయా! మౌనిలో దూరిన ప్రతిదీ ఒక్కసారిగా బయలుదేరింది... కళ్ళలోంచి, చెవుల్లోంచి, గోళ్ళ సందుల్లోంచి! వాడు అరవబోయాడు, అరుపుకు గొంతు లేదు. వాటి వెంటే వాడి ప్రాణమూ పోయింది. కపాలం ఫెటిల్లున పగిలింది. మంచు పట్టిన నేల మీద ఖాళీ చొక్కాలా మిగిలాడు మౌని.

శుభం కార్డు పడాలి కదూ? పడలేదు.

అక్క బతికింది. మాట మాత్రం తిరిగి రాలేదు. గోదాము యజమాని ఫోన్ చేశాడు. "మేనేజరు పోయాడు, సరే. ఆ పెట్టె ఎందుకు పీక్కుపోయావయ్యా? మనుషులు చెబితే వినని కూలీలు దానికి వింటున్నారు. తెచ్చి బిగించు." వైరు ఫోన్ పెట్టేసి, ముందు ఎనిమిదో ఛానెల్ చెరిపాడు. ఆ క్షణాన అక్క గొంతు పట్టుకుని విలవిల్లాడింది. ముక్కులోంచి నెత్తురు ధారకట్టింది. ఇంకో ఛానెల్ ముట్టుకోలేదు వాడు.

రాత్రి పాప ఏడుపు ఆగలేదు. చివరికి ఏడో ఛానెల్ నొక్కాడు. "కన్ను మూయవే చిట్టీ..." ఆశ్చర్యం! జోల పెట్టెలోంచే కాదు, అక్క నోట్లోంచీ వచ్చింది! ఆ పాట సాగినంతసేపే అక్కకు గొంతు ఉంటుంది. ఆమె ఏడుస్తూ పాడింది, పాప నిద్రపోయింది. అప్పటినుంచి రోజూ అంతే. వైరు అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఆ మీట నొక్కుతాడు.

కానీ ఈ రాత్రి... జోల ముగిశాక పెట్టె ఆగలేదు. 'కిసుక్' మంది. ఎనిమిదో ఛానెల్‌తో పాటే చెరిగిపోయిన నవ్వు! దాని వెనకే తుప్పు రేకు మీద మేకుతో గీసినట్టు ఇంకో నవ్వు... అక్క నోట్లోంచి! అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. ఉయ్యాల్లో పాప కళ్ళు తెరవకుండానే, జవాబు చెప్పినట్టు, కిసుక్కుమంది.

అక్క పెట్టె వైపు చూపించి, చెరిపెయ్యమని సైగ చేసింది. చెరిపితే ఆ పాట పోతుంది. పాటతో అక్కే పోవచ్చు. ఉంచితే రేపు మళ్ళీ పాప జోల కోసం ఏడుస్తుంది... వైరు బొటనవేలు చెరిపే మీట మీదే ఉంది.

మీరైతే నొక్కుతారా?